పడమటి మబ్బు వెంట ఒక రోజు: సిద్ధాంతం నుంచి ఎదుర్లంక దాకా

గట్టుమీదోడు | శనివారం, రాత్రి 11:40

ఉరుముల మబ్బు వెంట కారులో తిరిగి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లంతా దుమ్ము, కారు నిండా తడి బరకం వాసన. బావమరిది నాతో మాట్లాడటం లేదు. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

పొద్దున లేవగానే చూసింది మచిలీపట్నం బెలూన్ లెక్క. తెల్లవారుజామున అక్కడ వదిలే బెలూన్ పైకి పోతూ ఎంత ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ, ఎటు గాలి అన్నీ పంపుతుంది. ఇవాళ కేప్ 3 వేలు దాటింది. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా: మబ్బు పైకి లేవడానికి గాల్లో దాచిపెట్టుకున్న బలం కేప్. వెయ్యి ఉంటే ఉరుముతుంది. 3 వేలంటే బట్టలు ఆరేసేముందు ఆలోచించాలి. అయితే మన గోదావరి డెల్టాలో కృత్తిక కార్తెలో కేప్‌కి కరువేమీ ఉండదు. కరువంతా కింది గాలికీ పై గాలికీ మధ్య తేడాకే. ఆ తేడా లేకపోతే మబ్బు లేచిన చోటే వాన కురిసి, తన వానలో తానే తడిసి చల్లారిపోతుంది. ఇవాళ ఆ తేడా కూడా ఉంది. కింద సముద్రం మీంచి పైరగాలి, ఐదారు కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి గంటకి 50 కిలోమీటర్ల పైచిలుకు. అది చూసి బావమరిదికి ఫోన్ చేశా, కారు తీయమని. తణుకులో బిర్యానీ తినొద్దాం అని చెప్పా. ఇక్కడ తప్పు నాదే.

కొత్తపేటలో 12 గంటలకే చొక్కా పిండుకోవచ్చు. కొబ్బరాకు కూడా కదల్లేదు. 1:40కి రాడార్ బొమ్మలో గోపాలపురం మెట్ట మీద ఒక పచ్చ చుక్క. 2:10కి అది ఎర్రబడింది, అంటే వాన ముదిరిందన్నమాట. తరువాతి బొమ్మలో నడుమ గులాబీ రంగు. మెట్ట నుంచి డెల్టాలోకి దిగుతోంది, ముఖం ఆగ్నేయానికి.

మన దగ్గర మబ్బు వెంటపడాలంటే పెద్ద అడ్డం చెట్లే. కోనసీమలో నిలబడితే తలమీద చాపంత ఆకాశం తప్ప అంచులు కనపడవు. మబ్బు నెత్తి మీదికొచ్చాక గానీ వచ్చిందని తెలీదు. అందుకే నా లెక్కలో చూడదగ్గ చోట్లు మూడు రకాలు: ఏటిగట్టు, వంతెన చివర, రొయ్యల చెరువుల మధ్య రోడ్డు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదారి గట్టు ఎక్కాం. వాయవ్యాన మొత్తం కనపడింది. దాకలి తెలుసుగా, కమ్మరి కొట్లో ఇనుము పెట్టి కొట్టేది, అచ్చం ఆ ఆకారం. పైన చదునుగా పరుచుకుని తూర్పుకి సాగింది. ఆ చదును మీద మళ్లీ చిన్న బుడిపె, ఉడుకుతున్న అన్నం మూతని తోసినట్టు. ఆ బుడిపె పది నిమిషాలకి పైగా ఉందంటే లోపల పైకి తోసే గాలి గట్టిదన్నమాట. బావమరిది కూడా నోరు తెరిచి చూశాడు. తరువాత “బిర్యానీ?” అన్నాడు.

ఇంకా దగ్గరికి పెరవలి వైపు వెళ్లాం. రోడ్డు పొడుగునా దాళ్వా ధాన్యం ఆరబోసి ఉంది. ఒక చోట ట్రాక్టర్ అడ్డం పెట్టి రాశి చేస్తున్నారు, కదలడానికి లేదు. నేను కారు దిగి కెమెరా పైకెత్తా. ఒక పెద్దాయన నన్ను, కెమెరాని, మబ్బుని వరసగా చూసి, “ఫోటోలు తరవాత తీసుకుందురుగాని బాబూ, ముందీ కొస పట్టుకోండి” అన్నాడు. బరకం కొస. పట్టుకున్నా. బావమరిది ఇంకో కొస. నాలుగు రాశులు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టేసరికి 20 నిమిషాలు. ఆ 20 నిమిషాల్లోనే మబ్బు అడుగు మారిపోయింది.

చూసింది చూసినట్టు చెప్తా, మీరే తేల్చండి. నల్లటి చదును అడుగు నుంచి ఒక ముక్క కిందికి దిగి ఉంది. వాన దానికి ఉత్తరాన పడుతోంది, ఈ ముక్క కింద వాన లేదు. దాని అంచున పీలికల్లాంటి మబ్బు తునకలు పైకి పాకుతున్నాయి. కంటికి తిరుగుతున్నట్టే అనిపించింది గానీ మనసు అలాగే ఆడిస్తుంది కదా, అందుకే ఫోన్ని కారు మీద పెట్టి 11 నిమిషాల వీడియో తీశా. ఎనిమిది రెట్ల వేగంతో వేస్తే గడియారానికి ఎదురు తిరుగుతోంది. మెల్లిగా, గానుగెద్దులా. టోర్నడో తొండం లాంటిదేదీ దిగలేదు. దిగిందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే అది నా వీడియో కాదు.

3:55కి గాలి ఆగింది. అరనిమిషం అసలు చప్పుడే లేదు. తరువాత చల్లగాలి ఒక్క తోపు తోసింది. కారు మీటర్‌లో 38 ఉన్నది పది నిమిషాల్లో 25కి దిగింది. దుమ్ము, తాటాకులు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ. తరువాత వడగళ్లు, పెద్దుసిరికాయంత, ఒక మూడు నిమిషాలు. బావమరిది స్టీరింగ్ వదిలి బోనెట్ కేసి చూస్తూ ఉండిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

వెనక్కి రావులపాలెం వచ్చేసరికి అరటితోటలు పడుకుని ఉన్నాయి. టీ బడ్డీ దగ్గర అందరిదీ ఒకటే మాట, “టోర్నడో అంటండి”. కాలువ గట్టు మీద రెండు చోట్ల కొమ్మలు నరికి దారి చేసేదాకా ఆగి, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరాం. అవతల యానాం దీపాలు. మబ్బు అప్పటికే ఓడలరేవు దాటి సముద్రం మీదికి పోయింది. దాని వెనక సగం మన నెత్తి మీదుంది, అడుగంతా సంచులు సంచులుగా వేలాడుతూ, పొద్దుగుంకే వెలుగు పడి నారింజ రంగులో. గౌతమి నీళ్లలో కూడా అవే సంచులు. దక్షిణాన సముద్రం మీద మెరుపులు కొడుతూనే ఉన్నాయి, ఉరుము మాత్రం వినపడలేదు. గంటసేపు అలా నిలబడ్డాం. బావమరిదికి రేవు దగ్గర మిరపకాయ బజ్జీలు కొనిపెట్టా.

అడగాలనుకున్నది ఇది: ఇది సూపర్‌సెల్లేనా, అంటే మొత్తంగా గుండ్రంగా తిరిగే ఉరుముల మబ్బేనా? అరటితోటల్ని పడగొట్టింది టోర్నడోనా?

రాడార్‌పిచ్చి | ఆదివారం, ఉదయం 6:15

రాత్రి రెండింటిదాకా బొమ్మలు తిరగేశాను. గురువుగారూ, ముందు ఒక దణ్ణం, మీ 11 నిమిషాల వీడియోకి.

మచిలీపట్నం డాప్లర్ (గాలివేగం కూడా చూసే రాడార్) బొమ్మలు పది నిమిషాలకి ఒకటి. 3:32, 3:42 బొమ్మల్లో గాలివేగం రంగులు చూస్తే నిడదవోలు, పెరవలి మధ్య రాడార్ వైపు వచ్చే గాలి, రాడార్ నుంచి పోయే గాలి పక్కపక్కనే ఉన్నాయి. మబ్బు మధ్యలో తిరుగుడు ఉందనడానికి అదే గుర్తు. 3:52కి చెదిరిపోయింది. అంటే ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. సూపర్‌సెల్ అంటే ఆ తిరుగుడు నిలవాలి, పైకి తోసే గాలే మొత్తంగా గుండ్రంగా తిరగాలి. 1960ల్లో ఇంగ్లండులో వడగళ్ల మబ్బుల్ని రాడార్‌తో చూసి కీత్ బ్రౌనింగ్ ఆ పేరు పెట్టాడు. ఆయన చూసినంత శుభ్రంగా మనది లేదు. నా తీర్పు: కొద్దిసేపు సూపర్‌సెల్ వేషం కట్టిన మామూలు గుంపు మబ్బు. ఒప్పుకోనివాళ్లు బొమ్మతో రండి, మాటతో కాదు.

ఇంకోటి. పెరవలి మచిలీపట్నానికి 90 కిలోమీటర్లు. రాడార్ కిరణం అర డిగ్రీ ఎత్తి వదులుతారు, భూమేమో వంగి ఉంటుంది. ఆ రెండూ కలిపితే పెరవలి దగ్గర కిరణం నేలకి కిలోమీటరుకి పైనే పోతుంది. అమలాపురం వచ్చేసరికి దాదాపు కిలోమీటరున్నర. టోర్నడో ఉండేది దానికి కిందే. అంటే డెల్టాలో టోర్నడో దిగిందా లేదా అని రాడార్ చెప్పలేదు, గట్టు మీద నిలబడ్డ మనిషే చెప్పాలి. లేదా పడిన చెట్లు చెప్పాలి.

కొబ్బరాకు | ఆదివారం, ఉదయం 6:40

బావమరిదికి బిర్యానీ పెట్టారా లేదా అది చెప్పండి ముందు.

గట్టుమీదోడు | ఆదివారం, ఉదయం 6:52

బజ్జీలతో సరిపెట్టా అన్నాగా. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మా ఆవిడ కూడా వాడి పక్షమే.

డల్లాస్‌తెలుగోడు | ఆదివారం, ఉదయం 7:05

మాది పాలకొల్లు, ఉండేది టెక్సాస్. రెండేళ్ల కిందట నేనూ ఓక్లహోమాలో డబ్బు కట్టి వారం రోజులు వ్యాన్‌లో మబ్బుల వెంట తిరిగాను. అక్కడ పొలాల మధ్య మైలుకొక రోడ్డు, గళ్ల నోటుపుస్తకంలా. ఏ మూలకైనా తప్పుకోవచ్చు. చెట్లు లేవు, 80 కిలోమీటర్ల అవతల మబ్బు అడుగు కూడా కనిపిస్తుంది. ఐదారు నిమిషాలకే కొత్త రాడార్ బొమ్మ, దేశం మొత్తం మీద 160 దాకా రాడార్లు. అంత ఉండి కూడా వారంలో మాకు దక్కింది ఒకే ఒక సూపర్‌సెల్. టోర్నడో సున్నా. మిగతా రోజులు పెట్రోల్ బంకుల్లో చిప్స్ తింటూ గడిచాయి.

అన్ని రోడ్లున్నా ప్రమాదమే. 2013 మే 31న ఎల్ రీనో దగ్గర టోర్నడో ఉన్నట్టుండి వెడల్పయి 4 కిలోమీటర్లు దాటింది, దారి కూడా మార్చింది. టిమ్ సమారాస్, ఆయన కొడుకు పాల్, తోటివాడు కార్ల్ యంగ్ ముగ్గురూ దానికి చిక్కి పోయారు. సమారాస్ సరదాకి వెళ్లే మనిషి కాదు. 2003లో సౌత్ డకోటాలో తను తయారు చేసిన పరికరాన్ని టోర్నడో దారిలో పెట్టి, గాలి ఒత్తిడి ఒక్కసారిగా 100 మిల్లీబార్లు పడిపోవడం కొలిచినవాడు. అలాంటివాడికే దారి దొరకలేదు.

మరి మన దగ్గరో? కాలువ గట్టు మీద ఒంటి రోడ్డు, ఒక పక్క నీళ్లు, ఒక పక్క చేను. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే వెనక్కి నడపాలి. కోనసీమ లోంచి బయటపడాలంటే ఏదో ఒక ఏరు దాటాలి. జొన్నాడ వంతెనో, సిద్ధాంతమో, చించినాడో, ఎదుర్లంకో. ఏరు దాటించే కోటిపల్లి పంటు పడవ గాలికి ముందే ఆపేస్తారు. మీరు నిన్న మబ్బుకి ముందు నిలబడి బరకం కప్పడం నాకు పుణ్యంగా కనపడింది గానీ, తెలివిగా కనపడలేదు. ఏమనుకోకండి.

గట్టుమీదోడు | ఆదివారం, ఉదయం 7:20

ఏమనుకోను. నిజమే. నేను మబ్బుకి దక్షిణాన ఉన్నాను, అదొక్కటే సరిగ్గా చేశా. తప్పుకునే దారి సిద్ధాంతం వంతెన ఒక్కటే, అది కూడా ట్రాక్టర్ వెనకాల ఉంది.

లంకరైతు | ఆదివారం, ఉదయం 8:30

ఇప్పుడే తోట చూసొచ్చి ఇది చదువుతున్నా. ఎకరంన్నర కర్పూర చక్కెరకేళి నేలకి పడుకుంది. గెలలు కోతకి 20 రోజులుంది. మీకు సంచుల మబ్బు, నారింజ రంగు. మాకు పచ్చిగెల. మార్కెట్‌కి తీసుకెళ్తే బేరగాడు చేత్తో ఎత్తి చూసి కింద పెట్టేస్తాడు. ఇదంతా మీకు ఆటగా ఉందాండి?

కొబ్బరాకు | ఆదివారం, ఉదయం 8:34

అయ్యో. సారీ అండి.

గట్టుమీదోడు | ఆదివారం, ఉదయం 8:41

బాబాయ్ గారూ, మీ కోపం న్యాయమే. మాకు అర ఎకరం ఉండేది, నాన్నగారి టైంలో ఇలాగే పోయింది. నేను తిరిగితే గాలి ఆగదు, తిరక్కపోయినా ఆగదు. మీకు అభ్యంతరం లేకపోతే మధ్యాహ్నం మీ తోటకి వస్తా. పడిన చెట్లు ఏ దిక్కుకి పడ్డాయో కొలవాలి. టోర్నడో అయితే చెట్లు లోపలికి తిరిగి ఒకదాని మీద ఒకటి మెలిపడతాయి. పైనుంచి బోర్లా దిగే గాలయితే ఒకే వైపు గానీ, విసనకర్రలా విచ్చుకుని గానీ పడతాయి. చెట్లు పడిన తీరు విమానంలోంచి చూసే ఫుజిటా ఈ రెండో రకాన్ని పట్టుకున్నాడు, 1970ల్లో. టోర్నడోలకి బలం కొలిచే స్కేలు పెట్టింది కూడా ఆయనే.

లంకరైతు | ఆదివారం, ఉదయం 9:10

రండి. వస్తే చేతులు ఊపుకుంటూ రాకండి, గెడలు ఎత్తడానికి మనుషులు లేరు.

కొలత సంగతి ఒకటి చెప్తా వినండి. అరటిని నమ్మి దిక్కు రాసుకుంటే తప్పుతారు. అరటిచెట్టు గెల ఎటు దిగితే అటే బరువు. గాలి ఎటు కొట్టినా ముందు గెల వైపే మొగ్గుతుంది, వేరు అటే లేస్తుంది. మా తోటలో గెలలున్నవి నాలుగు దిక్కులా పడ్డాయి, చూస్తే మీరు టోర్నడో అనే రాస్తారు. గెల వేయని చెట్లు చూడండి. గెడ కట్టినవి ఏ గెడ విరిగిందో చూడండి. కరెంటు స్తంభం చూడండి. అది గెల వేయదు కదా.

రాడార్‌పిచ్చి | ఆదివారం, ఉదయం 9:18

బాబాయ్ గారూ, ఈ మాట నేను ఏ పాఠంలోనూ చదవలేదు. గెల వేయని చెట్లు మాత్రమే లెక్క. రాసుకున్నా.

గోదారమ్మాయి | ఆదివారం, ఉదయం 9:40

నాదో డౌటు. ఉరుములప్పుడు మా అత్తగారు ఫోన్ ముట్టుకోనివ్వరు, లాగేసుకుంటుందంటారు. కారులో ఉంటే టైర్లు రబ్బరు కాబట్టి ఏమీ కాదంటారు మావారు. ఏది నిజం?

రాడార్‌పిచ్చి | ఆదివారం, ఉదయం 9:55

చేతిలోని ఫోన్ పిడుగుని లాగదు. చార్జింగ్ పెట్టి వైరుతో మాట్లాడితే మాత్రం ప్రమాదం, ఆ మేరకు అత్తగారిదే రైటు. కారు కాపాడేది టైర్ల వల్ల కాదు. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చేదానికి జానెడు రబ్బరు ఒక లెక్కా? పైనున్న ఇనుప డొక్కు కరెంటుని తన చుట్టూ తిప్పి నేలలోకి పంపుతుంది, అందుకని. అద్దాలు ఎత్తుకుని, ఇనుము తాకకుండా కూర్చోవాలి. బైకుకీ టైర్లున్నాయి, అయినా బైకు మీద మనిషికి ఏ రక్షణా లేదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టండి. మూడు అంకెలకి ఒక కిలోమీటరు. కానీ ఉరుము వినపడిందంటేనే మీరు పిడుగు పడే దూరంలో ఉన్నట్టు. దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగు పడితే చూపిస్తుంది.

గోదారమ్మాయి | ఆదివారం, ఉదయం 10:02

అర్జునా ఫల్గుణా అనడం కూడా మానక్కర్లేదుగా?

పాతమాస్టారు | ఆదివారం, ఉదయం 10:30

మానకు తల్లీ. పార్థ, కిరీటి, శ్వేతవాహన దాకా పూర్తిగా చెప్పుకో. ఇంట్లోకి వచ్చి చెప్పుకో, అంతే. చెట్టు కింద నిలబడి చెబితే అర్జునుడికి కూడా కష్టమే. మా వీధిలో ఓసారి కొబ్బరిచెట్టుకి పిడుగు పడింది. చెట్టు పై మట్ట మాడింది, అంతే. కింద కట్టేసిన రెండు గేదెలూ పోయాయి. పిడుగు వాటిని తాకలేదు. నేలలో పాకిన కరెంటు ముందు కాళ్లలోంచి ఎక్కి వెనక కాళ్లలోంచి దిగింది. నాలుగు కాళ్ల జీవానికి ముందు కాలికీ వెనక కాలికీ ఎడం ఎక్కువ కదా. అందుకే బయట చిక్కుకుంటే కాళ్లు దగ్గరపెట్టి ముడుచుకు కూర్చోమని పిల్లలకి చెప్పేవాణ్ణి.

ఇందాకటినుంచి చదువుతున్నాను. పేపర్లవాళ్లూ వాట్సాప్‌వాళ్లూ అన్నిటినీ కలిపి తుఫాను అనేస్తున్నారు, టోర్నడో అనేస్తున్నారు. తుఫాను వందల కిలోమీటర్ల మేర ఉంటుంది, రోజుల ముందు పేరుతో సహా కబురొస్తుంది. ఈ పడమటి మబ్బు పాతిక ముప్ఫై కిలోమీటర్లది, భోజనం చేసి చెయ్యి కడుక్కునేలోపు లేస్తుంది. టోర్నడో అందులోంచి దిగే వేలెడంత తిరుగుడు.

1996 నవంబర్ 6 తుఫాను నాకు అమలాపురంలో గడిచింది. సాయంత్రం మొదలై రాత్రంతా ఊదింది. గాలి మధ్యలో ఆగింది కూడా, ఆగి దిక్కు మార్చి మళ్లీ ఊదింది. ఆగినప్పుడు బయటికొచ్చినవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. తెల్లారి తలుపు తీస్తే మొదట నాకు అర్థం కాలేదు, వీధి అంత వెలుగ్గా ఎందుకుందో. కొబ్బరిచెట్లు లేవు. మా ఇంటి గుమ్మంలోంచి ఆకాశం అంచు కనపడటం అదే మొదటిసారి. గట్టుమీదోడు చెట్లు అడ్డం అంటుంటే అది గుర్తొచ్చింది. అడ్డం ఉండనీ నాయనా.

కొబ్బరాకు | ఆదివారం, ఉదయం 10:36

మాస్టారూ…

రొయ్యలరాజు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాది ఆచంట పక్కన, మూడు చెరువులు. మాకు సూపర్‌సెల్లో కాదో అనవసరం అండి. నిన్న 3:05కి గ్రూపులో గట్టుమీదోడు గారు పెట్టిన దాకలి ఫోటో చూసి జనరేటర్లో డీజిల్ పోయించా, కుర్రాణ్ణి చెరువు దగ్గరే ఉండమన్నా. 4:10కి కరెంటు పోయింది. రాత్రి 9 దాకా రాలేదు. మూడో చెరువు పట్టుబడికి వారంలో ఉంది, 40 కౌంట్, అంటే కిలోకి నలభై రొయ్యలు. వేడి చెరువు మీద చల్లటి వాన పడి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో చెరువులున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రొయ్య గట్టు పక్కకి వచ్చి తేలిందంటే అప్పుడు పరిగెత్తినా లాభం లేదు. నాకు గంట ముందు తెలిసింది, అంతే చాలు. ఫోన్‌కి పిడుగు మెసేజ్ కూడా వచ్చింది గానీ జిల్లా మొత్తానికి ఒకటే మెసేజ్ వస్తే నా చెరువు మీదికో, పక్క మండలానికో ఎలా తెలుస్తుంది?

ఒక సలహా. ఈసారి ఫోటోతో పాటు ఏ ఊళ్లో నిలబడి ఏ దిక్కుకి చూస్తున్నారో రాయండి. ఉత్త మబ్బు ఫోటో చూస్తే అది తణుకుదో తాడేపల్లిగూడెందో తెలీదు.

గట్టుమీదోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

తప్పకుండా. ఊరు, దిక్కు, టైము.

గోదారమ్మాయి | ఆదివారం, మధ్యాహ్నం 12:48

మరి అంతర్వేది దగ్గర సముద్రం మీద ఏనుగు తొండంలా నీళ్లు పైకి లేవడం మా తాతగారు చూశారట. అది టోర్నడో కాదా?

రాడార్‌పిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 1:05

దాని బంధువే, బీద బంధువు. నీటి మీది తొండాలకి చాలావరకు పెద్ద మబ్బు కూడా అక్కర్లేదు. ఎదుగుతున్న చిన్న మబ్బు కింద గాలులు కలిసే చోట నీటి దగ్గరి తిరుగుడే నిలువుగా సాగి పైకి లేస్తుంది. గట్టెక్కితే చాలావరకు విడిపోతుంది. ఇంకోటి, కనపడే తొండంలో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లు కాదు, గాల్లో తేమ చల్లబడి మబ్బయినదే.

అసలైన టోర్నడోలకి మన దేశంలో ఎక్కువ పేరు బెంగాల్ వైపు. 2024 మార్చి 31న జల్పాయిగురి జిల్లా మైనాగురి దగ్గర వచ్చి ప్రాణాలు తీసింది. బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా మీదుగా పోయినదానికి సుమారు 1,300 మంది పోయారంటారు, ప్రపంచంలో అంతకు మించి చంపిన టోర్నడో లేదు. అక్కడా కారణం ఇదే. కింద సముద్రపు తేమ, పైన పొడిగాలి. మనకి కిందిది ఉంది, పైనున్న గాలి మాత్రం అంత జోరుగా ఎప్పుడో గానీ ఉండదు.

డల్లాస్‌తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

ఇక్కడ రాత్రి మూడవుతోంది. తోట రిపోర్టు వచ్చేదాకా పడుకోను.

అడ్మిన్ | ఆదివారం, సాయంత్రం 4:00

కెమెరా లెన్సుల ధరల మీద వచ్చిన 14 పోస్టులు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ మబ్బు, తోట మాత్రమే.

గట్టుమీదోడు | ఆదివారం, రాత్రి 8:10

వెళ్లొచ్చాం. బావమరిది కూడా వచ్చాడు, బిర్యానీ తిన్నాకే. మొదట రెండు గంటలు గెడలు ఎత్తాం, బాబాయ్ గారు కొలత మాట ఎత్తనివ్వలేదు.

తరువాత ఫోన్లో దిక్సూచి పెట్టుకుని గెల వేయని చెట్లు మాత్రమే చూశాం. 63 చెట్లు. తోటకి ఉత్తరపు అంచున పడినవి తూర్పుకి. మధ్యలో ఆగ్నేయానికి. దక్షిణపు అంచున దాదాపు దక్షిణానికి. కాగితం మీద గీతలు గీస్తే తోటకి వాయవ్యంగా ఏటివైపు ఒక చోటి నుంచి విసనకర్ర విప్పినట్టుంది. లోపలికి మెలిపడ్డవి మూడంటే మూడు, అవి కూడా పక్కచెట్టు తోస్తే పడినవని ఆకులు చూసి బాబాయ్ గారే చూపించారు. కరెంటు స్తంభం ఆగ్నేయానికి వంగింది. గెలలున్న చెట్లు కూడా సరదాకి 20 కొలిచా. నిజంగానే నాలుగు దిక్కులూ ఉన్నాయి. ఆ 20 చూసి ఆగిపోయుంటే ఇవాళ ఇక్కడ నేనే టోర్నడో అని రాసేవాణ్ణి.

మబ్బులోంచి వడగళ్లతో పాటు బరువెక్కిన చల్లగాలి ఒక్కసారిగా కిందికి జారి, నేలకి కొట్టుకుని చుట్టూ చిమ్మింది. బిందె నీళ్లు అరుగు మీద కుమ్మరిస్తే చిమ్మినట్టు.

రాడార్‌పిచ్చి | ఆదివారం, రాత్రి 8:22

3:52కి తిరుగుడు చెదిరింది అన్నాగా. 3:55కి మీకు చల్లగాలి కొట్టింది. కూలింది అప్పుడే. సరిపోయింది.

డల్లాస్‌తెలుగోడు | ఆదివారం, రాత్రి 8:25

63 చెట్లు! కాగితం ఫోటో తీసి పెట్టండి. ఆ పెద్దాయన గెల మాట ఇక్కడి వాళ్లకి చెప్తే నమ్మరు, ఇక్కడ అరటితోటలే లేవు.

లంకరైతు | ఆదివారం, రాత్రి 9:05

కుర్రాళ్లు బానే పనిచేశారు. బావమరిదికి గెడ కట్టడం వచ్చు, ఈయనకి రాదు.

మోటారు షెడ్డు రేకు కనపడలేదని చెప్పాగా, ఇందాక దొరికింది. కాలువ అవతల, ఆగ్నేయం మూల, చేలో నిలువుగా గుచ్చుకుని ఉంది. మీ విసనకర్రకి సరిపోతుందేమో రాసుకోండి. రేకు దొరికింది గానీ దాని మేకులు ఎక్కడ రాలాయో తెలీదు. మంగళవారం మళ్లీ మబ్బుందని ఎవరో అన్నారు. మా దారిన వస్తే కారు గట్టు మీదే ఆపి నడిచి రండి, టైర్లు జాగ్రత్త.

గట్టుమీదోడు | ఆదివారం, రాత్రి 9:12

అలాగే బాబాయ్ గారూ. మంగళవారం కారు నాది కాదు, బస్సే.